చీమలు పట్టని పిండి

"బస్తాలు ఎవలు ముట్టుకున్నరు?"

"ఎవ్వలు ముట్టలే సార్."

"స్టోరు తాళంచెయ్యి ఎవల దగ్గర ఉంటది?"

"నా దగ్గర్నే. నడుముకే ఉంటది."

"ఒక్క రోజన్న ఇంకొకలకు ఇచ్చినవా?"

"ఇయ్యలే సార్. నా బిడ్డ ఎట్లున్నది?"

నాలుగోసారి అడిగాను. నాలుగోసారి కూడా అవే జవాబులు, చివర్లో అదే ప్రశ్న. ఎదురుగా ఉన్న బల్లకు తల బాదుకుందామా అనిపించింది. కానీ ఆ బల్ల పోలీసు స్టేషన్‌ది. నేను ఐదేళ్ల క్రితమే ఆ డిపార్ట్‌మెంటుకు దండం పెట్టి బయటపడ్డవాణ్ణి. ఇప్పుడు నాకున్నదల్లా సుబేదారిలో సైకిల్ షాపు మీద ఒక గది, దాని తలుపుకు 'పర్శరాములు, ప్రైవేట్ డిటెక్టివ్' అనే బోర్డు. ఆ బోర్డు చూసి ఇప్పటికీ సగం మంది పంక్చరు వెయ్యమని పైకొస్తుంటారు.

దొంగలు అబద్ధం చెబితే నాకు కోపం రాదు. అది వాళ్ల బతుకుతెరువు. ఏ పాపమూ చెయ్యని మనిషి ఎదురుగా కూర్చుని, నన్ను విడిపించమంటూనే అబద్ధం చెబితే మాత్రం ఒళ్లు మండిపోతుంది. రాజేశ్వరి అబద్ధం చెబుతోంది. చెప్పడం కూడా సరిగ్గా రావడం లేదు. బస్తాల మాట ఎత్తగానే కళ్లు కిందికి, కూతురి మాట రాగానే కళ్లు పైకి.

ఆమె చేనేత కాలనీ బాల్వాడీలో టీచరు. సోమవారం పొద్దున ఆమె తన చేతులతో కాచిన జావ తాగి ఏడుగురు పిల్లలు గంట తిరక్కుండానే కక్కుకుంటూ పడిపోయారు. ఆ జావ బాల్వాడీలో అందరికీ పోసేది కాదు. ఎనభై మూడులో, అంటే ఈ యేడే, వెనకబడిన వాడల పిల్లల కోసం సర్కారు బాల్వాడీలకు అదనపు గ్రాంటు ఇచ్చింది. పిల్లల్ని తూకం వేసి, బరువు తక్కువున్న వాళ్లకు పొద్దున పూట ఒక గిలాస జావ ఎక్కువ పొయ్యాలి. అంటే ఆ విషమేదో సరిగ్గా వాడలోకెల్లా బక్కగా ఉన్న పిల్లల్నే వెతుక్కుంటూ వెళ్లింది. ఆరుగురికి ఇప్పుడు కాస్త తెరిపిచ్చింది. ఏడో పిల్ల, నాలుగేళ్ల పద్మ, మూడోరోజు కూడా సరిగ్గా కళ్లు తెరవడం లేదు. పద్మ రాజేశ్వరి కూతురే.

మంచి పిండి అమ్ముకుని పుచ్చిన పిండి కలిపిందని బాల్వాడీల సూపర్వైజర్ గోపాల్ కంప్లైంటు రాసిచ్చాడు. అదే సాయంత్రం అరెస్టు. ఈ సాయంత్రం కోర్టు. నేరం ఒప్పుకుని సంతకం పెడితే బిడ్డను చూడనిస్తానని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భాస్కర్ షరతు పెట్టాడు. ఈవిడ సంతకం పెట్టదు. నిజమూ చెప్పదు. మధ్యలో నేను!

"రాజేశ్వరీ," అన్నాను గొంతు తగ్గించి, "నీ అత్త మల్లవ్వ పొద్దున్నే నా ఆఫీసుకొచ్చింది. నేను బూట్లు తొడుక్కునే దాకా మెట్ల మీంచి లేవలే. ఇప్పుడు దవాఖానల నీ బిడ్డ కాడ కూసున్నది. ఆమె ముఖం చూసన్న చెప్పు. ఆ జావల ఏమేం ఏసినవ్?"

"పిండి, నీళ్లు, బెల్లం. బెల్లం ఎక్కువనే ఏసిన సార్. పిల్లలు తాగాలె గద."

"ఇంకేం?"

"ఇంకేం లేదు. మీ కాళ్లు మొక్కుత, నన్ను దవాఖానకు తీస్కపోన్రి. ఒక్కసారి చూసొస్త."

"నిజం చెప్పు. ఇప్పుడే తీస్కపోత."

ఆమె పెదవులు కదిలాయి. ఏదో గొంతు దాకా వచ్చింది. వచ్చినట్టే లోపలికి పోయింది. కళ్లు మళ్లీ కిందికి దిగాయి. ఇంత మొండితనం నేను నా జన్మలో చూడలేదు.

"టైం అయిపోయింది పర్శన్నా," అన్నాడు భాస్కర్ గుమ్మంలో నిలబడి.

భాస్కర్, నేను ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నేను పై అధికారులతో తగువు పెట్టుకుని ఎస్సైగానే బయటికొచ్చాను. వాడు అందరికీ సలాం కొట్టి సీఐ అయ్యాడు. నన్ను 'అన్నా' అంటాడు కానీ ఆ పిలుపులో ప్రేమ కంటే నేను ఓడిపోయానన్న సంతోషమే ఎక్కువ వినబడుతుంది.

"కన్నబిడ్డకు ఎవలన్న పుచ్చిన పిండి పోస్తరా భాస్కర్?" అన్నాను.

"తెలిసి పోసిందని నేనంటలేను. పిండి మార్చింది, ఏమైతదో సోచాయించలే. దీన్నే నిర్లక్ష్యం అంటరు. తాళంచెయ్యి ఆమెదే, తాళం పగలలే, బస్తాల లెక్క సరిపోయింది. బయటోడెవడు రాలే. ఇగ మిగిలింది ఆమెనే గద?"

"ల్యాబు రిపోర్టు?"

"హైదరాబాదు పంపినం. పదిహేను రోజులు పడ్తది."

"అప్పటి దాకా డాక్టరు దేనికి మందియ్యాలె? నీ అనుమానానికా?"

వాడి ముఖం ఎర్రబడింది. "నీకంత తెలివుంటే వచ్చి చూసుకో. సీలు నేను తీస్తేనే ఆ తలుపు తెరుచుకుంటది."

"తియ్యి మరి!" అన్నాను.

బాల్వాడీ అంటే ఒకటే గది. వెనక వంటకు ఒక రేకుల చూరు, పక్కన తాళం వేసిన చిన్న స్టోరు. సోమవారం పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తినప్పుడు అన్నీ ఎక్కడివక్కడే వదిలేశారు. భాస్కర్ సీలు వేసి వెళ్లిపోయాడు. అందుకు మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి. ఎవరినీ గిన్నెలు కడగనివ్వలేదు.

పొయ్యి మీద జావ గిన్నె అలాగే ఉంది. అడుగున మిగిలింది ఎండి పొరలుగా లేచింది. బెల్లం రంగు. గిన్నెలో ఇనుప గరిటె. నేను దాన్ని కాడ పట్టుకుని వెలుతురులోకి తెచ్చాను. పైసగం నల్లగా ఉంది. జావలో మునిగిన సగం ఎర్రగా ఉంది.

"తుప్పు," అన్నాడు భాస్కర్. వెనక్కి తిరిగి కూడా చూడలేదు మహానుభావుడు.

జేబురుమాలు తీసి గట్టిగా రుద్దాను. తుప్పయితే ఎర్రటి పొడి రాలాలి. రాలలేదు. గరిటె ఇంకా మెరిసింది.

"భాస్కర్, ఇటు రా. ఇనుప గరిటెకు రాగిపూత ఎట్లొచ్చింది?"

"అంటే?"

"మైలతుత్తం కలిపిన నీళ్లల్ల ఇనుప మేకు ఏసి చూడు. గిట్లనే ఎర్రబడ్తది. జావల మైలతుత్తం ఉన్నది. అది కడుపుల పడితే పెద్ద మనిషే తట్టుకోడు, ఇగ పసిపిల్లలా!"

వాడు గరిటె లాక్కుని చూశాడు. గోటితో గీకాడు. దాన్ని మళ్లీ గిన్నెలో పడెయ్యకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. అదే వాడు ఒప్పుకోవడం.

స్టోరులోకి వెళ్లాం. ఎనిమిది బస్తాలు. అన్నిటి మీదా ఒకే ముద్ర: 'చక్కెర కలిపిన పోషకాహారం. అమ్మకానికి కాదు.' మూడు గోడవారగా ఉన్నాయి, ఐదు తలుపు దగ్గర. ఆ ఐదింటిలో ఒకదాని మూతి విప్పి ఉంది. సోమవారం జావకు పిండి తీసింది అందులోంచే. నేను గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాను. భాస్కర్‌కు విసుగు పుట్టింది.

"బస్తాలతోని మాట్లాడుతానవా పర్శన్నా? అవి గూడ నోరు విప్పుతలేవా?"

"విప్పుతానయి. నీకే ఇనబడ్తలేదు. ఈ చీమలు చూడు."

గోడ పగుల్లోంచి చీమల బారు ఒకటి వస్తోంది. గోడవారనున్న మూడు బస్తాల మీదికీ ఎక్కి, కుట్టు సందుల్లోంచి లోపలికి దూరి, పలుకులు మోసుకుని తిరిగి పోతోంది. తలుపు దగ్గరి ఐదింటి మీద ఒక్క చీమ లేదు. మూతి విప్పిన బస్తా మీద కూడా లేదు.

"ఇవి చక్కెర పిండి బస్తాలైతే చీమలు ఎందుకు పట్టలే?" అన్నాను. "చక్కెర కలిపిన పిండికి రాజేశ్వరి బెల్లం ఎందుకేసింది? పిండి చప్పగున్నది గనుక. బస్తా సర్కారుదే. లోపలి పిండి సర్కారుది కాదు."

చిటికెడు పిండి అరచేతిలో వేసుకుని, కుండలోంచి నాలుగు చుక్కల నీళ్లు పోశాను. తెల్లటి పిండి చూస్తుండగానే నీలంగా, అచ్చం మైలతుత్తం రంగులోకి మారింది. బెల్లం రంగులో ఆ నీలం కనబడకుండా పోయింది, బెల్లం తీపిలో ఆ చేదు తెలియకుండా పోయింది. పిల్లలు తాగాలని ఆ తల్లి ఇంకో ముక్క ఎక్కువే వేసింది.

భాస్కర్ నా చెయ్యి వంక చూశాడు. తర్వాత వాడి ముఖంలో మెల్లగా నవ్వు మొదలైంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ప్రమోషన్ వాసన తగిలినప్పుడు వచ్చే నవ్వది.

"శభాష్ పర్శన్నా. నేను నిర్లక్ష్యం అనుకున్న. నువ్వు విషం దొరకబట్టినవ్. తాళంచెయ్యి ఆమెదే, వండింది ఆమెనే. ఇగ నిర్లక్ష్యం గాదు, మూడొందల ఏడు. హత్యాయత్నం."

నా ఖర్మ! విడిపించమని పిలిస్తే వచ్చి, ఆవిడ మెడకు ఇంకో ఉచ్చు నేనే తగిలించాను. గోడకేసి గుద్దుకుందామంటే అది కూడా సర్కారుదే.

"జర ఆగు," అన్నాను. "ముందు దవాఖానకు మనిషిని పంపు. కడుపుల పడ్డది మైలతుత్తం అని డాక్టరుకు తెలవాలె. ఆ ముచ్చట తర్వాత మనం కొట్లాడుదం."

వాడికి అది అర్థమైంది. కానిస్టేబుల్ ఎల్లస్వామిని సైకిలు మీద పంపాడు.

"నాకొక గంట టైమియ్యి," అన్నాను.

"ఇస్త. నేను గూడ వస్త," అన్నాడు భాస్కర్.

మైలతుత్తం కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగుకు, అంటే ఆ నిలువు దారాలకు, గంజి పెట్టాలి. ఎండాకాలం ఎవరి వీధిలో వాళ్లు దారాలు చాచి పెట్టుకుంటారు. వానాకాలం ఆ వీలుండదు. కాలనీ మొత్తానికి గట్టయ్య షెడ్డే గతి. తడికి గంజి నూలు బూజు పడుతుంది. బూజు పట్టకుండా గంజి పిండిలో మైలతుత్తం కలుపుతారు. ఇది ఆ వాడలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలియనిది సీఐ గారికే.

షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి పడుగు చాచి ఉంది. నలుగురు మనుషులు దాని మీద వంగి ఉన్నారు. గంజి పెట్టడం లేదు. చీపురు పుల్లలతో ఏదో దులుపుతున్నారు. దగ్గరికెళ్లి చూస్తే చీమలు!

"ఏం జెప్పాలె సార్!" గట్టయ్య నన్ను చూడగానే మొదలుపెట్టాడు. లావుపాటి మనిషి, బనియను మీద గంజి మరకలు. "వారం సంది ఈ చీమలతోని సస్తానం. దారం జిగట పడుతాంది, పుటుక్కుపుటుక్కున తెగుతాంది. మగ్గాలోళ్లు వచ్చి నా తల మీద కూసుంటాన్రు. పిండికి ఏం రోగం వచ్చిందో ఏమో!"

"అది రోగం గాదు గట్టయ్యా, చక్కెర," అన్నాను. "పిల్లల పిండి తెచ్చి పడుగుకు పెడితే చీమలు రాక గుర్రాలొస్తయా?"

గట్టయ్య నోరు తెరిచి, నా వెనక ఖాకీ బట్టలు చూసి మూశాడు.

"నాకేం తెల్వది సార్."

"నీకు తెలవకుంటే చీమలకు తెలుసు. వాటినే సాక్షానికి పిలుస్త. ఎన్ని బస్తాలు తెచ్చినవ్?"

"తేలే సార్! దొంగతనం నేను చెయ్యలే! దాసిపెట్టమంటే పెట్టిన."

"ఎవరు దాసిపెట్టమన్నరు?"

గట్టయ్య భాస్కర్ వంక చూశాడు. భాస్కర్ లాఠీతో తన కాలి మీద మెల్లగా కొట్టుకుంటున్నాడు. వాడి వల్ల నాకు ఆ రోజు జరిగిన మొదటి ఉపకారం అదే.

"గోపాల్ సార్," అన్నాడు గట్టయ్య.

కంప్లైంటు ఇచ్చిన గోపాలే! భాస్కర్ లాఠీ ఆగిపోయింది.

"పోయిన నెల వాడల తట్టు వచ్చింది గద సార్," గట్టయ్య గొంతు సన్నబడింది. "సగం మంది పిల్లలు బాల్వాడీకి రాలే. పిండి మిగిలిపోయింది. పై నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తదన్నరు. మిగిలిన పిండి వాళ్ల కంటబడితే, మీకు అక్కర లేకనే మిగిలింది గద అని అదనపు గ్రాంటు కోసేస్తరట. గోపాల్ సార్ వచ్చి, ఐదు బస్తాలు నీ షెడ్డుల పెట్టు, వాళ్లు పోయినంక మల్ల తీస్కపోతం అన్నడు. రాజేశ్వరి ముందుగాల వద్దన్నది. గ్రాంటు పోతే నీ బిడ్డకే జావ ఉండదు అన్నడు సార్. ఇగ తాళం తీసిచ్చింది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లలు జబ్బుపడి తినలేకపోయారు కాబట్టి పిండి మిగిలింది. పిండి మిగిలింది కాబట్టి ఆ పిల్లలకు పిండి అక్కర్లేదట! ఏ మేధావి రాశాడయ్యా ఈ రూలు! ఆ మేధావికి భయపడి ఒక తల్లి మూడు రోజులుగా నోరు కట్టేసుకుని కూర్చుంది. నిజం చెబితే గ్రాంటు పోతుంది, చెప్పకపోతే తను జైలుకు పోతుంది. ఆవిడ రెండోదే నయమనుకుంది. అంతకు ముందు ఆ మొండితనం మీద నాకు వచ్చిన కోపమంతా ఇప్పుడు ఎవరి మీదికి మళ్లించాలో తోచలేదు.

"ఆమెను అరెస్టు చేసిన రోజు గోపాల్ స్టేషన్‌కొచ్చిండు," అన్నాడు భాస్కర్ నెమ్మదిగా. "ఐదు నిమిషాలు మాట్లాడుత అంటే మాట్లాడనిచ్చిన."

"ఏం మాట్లాడిండో ఇప్పుడు తెలిసిందా? నోరిప్పితే గ్రాంటు పోతది అని ఇంకోసారి చెప్పి పోయిండు. తన పేరు బయటికి రావద్దని ముందుగాల తనే కంప్లైంటు రాసిచ్చిండు." నేను గట్టయ్య వైపు తిరిగాను. "సరే, దాసిపెట్టమన్నరు. నువ్వు దాసినవా?"

"పిండి కరువైంది సార్ షెడ్డుల. పిండి పిండే గద అనుకున్న. వాడుకుందం, మల్ల కొని నింపుదం అని."

"నింపినవా?"

"బస్తాలు ఖాళీ అయినయి గద, మా పొల్లగాండ్లు మైలతుత్తం కలిపిన గంజి పిండి వాటిల్లనే పోసి పెట్టుకున్నరు. నాకు తెల్వదు సార్, నా పిల్లల మీద ఒట్టు! శనివారం నేను ఊళ్లె లేను. గోపాల్ సార్ ఆటో తెచ్చి, బస్తాలు ఇయ్యిన్రి జల్ది అని మొత్తుకుంటే మావోళ్లు ముద్ర చూసిన్రు. సర్కారు బస్తాలు సర్కారుకే పోవాలె గద అని ఎత్తి పంపిన్రు."

 దులుపుతున్న మనుషులు పుల్లలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఈ కేసులో ఒక్క పక్కా దుర్మార్గుడు దొరికినా బాగుండేది, వాణ్ణి నాలుగు తన్ని ఇంటికి పోయేవాణ్ణి. ఒకడిది పిరికితనం, ఒకడిది బద్ధకం, ఒకడిది 'పిండి పిండే గద' అనే తెలివి. ఎవడూ పిల్లల్ని చంపాలనుకోలేదు. అందరూ కలిసి దవాఖాన దాకా మాత్రం తెచ్చారు.

"భాస్కర్, ఇంకా మూడొందల ఏడేనా?"

వాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, గట్టయ్య గల్లా పక్కనున్న ఫోను ఎత్తాడు. "ఆ బాల్వాడీ టీచర్ను దవాఖానకు తీస్కపోన్రి. ఆఁ, ఇప్పుడే. సంతకం వద్దు, ఏం వద్దు. బిడ్డ దగ్గర కూసుండనియ్యిన్రి," అన్నాడు. ఐదేళ్లలో మొదటిసారి వాడి మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వెళ్లబోతూ, అలవాటు కొద్దీ, ఇంకో ప్రశ్న వేశాను.

"గట్టయ్యా, గోపాల్ చేతి కింద ఎన్నో బాల్వాడీలున్నయి. ఈ కాలనీవి ఐదు బస్తాలేనా దాసింది?"

గట్టయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకీ పూర్తి కాలేదు.

"హసన్‌పర్తియి రెండున్నయి సార్. అవి గూడ శనివారమే పోయినయి."

"గవి గూడ గదే పిండా?"

"అదే పిండి సార్."

భాస్కర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

హసన్‌పర్తిలో జావ పదకొండుకు పోస్తారని గట్టయ్య చెప్పాడు. మేము బయలుదేరేసరికి పదిన్నర. దారంతా నేను డ్రైవర్ను తిట్టాను, భాస్కర్ గేదెల్ని తిట్టాడు. రైలు గేటు పడినప్పుడు ఇద్దరం కలిసి రైల్వే వాళ్లను తిట్టాం. గేటు ఎత్తేసరికి నా గొంతు బొంగురుపోయింది. బాల్వాడీ ముందు జీపు పూర్తిగా ఆగకముందే దూకాను.

పిల్లలు వరసగా కూర్చున్నారు. చేతుల్లో పళ్లాలు. నోళ్లు ఆడుతున్నాయి.

"ఆపున్రి!" అని అరిచాను. "ఎవ్వలు తాగద్దు!"

పిల్లలు బిత్తరపోయారు. ఇద్దరు ఏడుపు అందుకున్నారు. లోపలి నుంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది టీచరు సోమక్క, యాభై ఏళ్ల మనిషి.

"ఏందయ్యా, పిల్లల్ని గట్ల బెదిరిస్తరా ఎవలన్న? తాగుడేంది? శనిగెలు తింటాన్రు!"

పళ్లాల్లోకి చూశాను. ఉడకబెట్టిన శనగలు. అరుగు మీద కూలబడ్డాను.

"జావ పొయ్యలేదా అక్కా? శనివారం రెండు బస్తాలు వచ్చినయి గద?"

"వచ్చినయి. పాత బస్తానే సగమున్నదని వాటిని ఇప్పలేదు. ఆ పాతది రాత్రి వానకు తడిసి పాడైంది. అందుకే ఇయ్యాల శనిగెలు."

బతికిపోయాం! భాస్కర్ నా పక్కనే కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి ముందు నాకే అందించాడు. కాలనీ పిల్లలకు ఏ మందివ్వాలో డాక్టరుకు తెలిసింది, హసన్‌పర్తి పిల్లలు దాన్ని ముట్టనే లేదు, రాజేశ్వరి ఈపాటికి బిడ్డ పక్కన ఉండి ఉంటుంది. సాయంత్రం కోర్టులో గోపాల్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ సిగరెట్టు వెలిగించాను.

"ఆ రెండు బస్తాలు మాకు కావాలె అక్కా," అన్నాడు భాస్కర్. "సాక్ష్యం. ఎక్కడున్నయి?"

సోమక్క వాణ్ణి వింతగా చూసింది.

"గదేంది సార్! పొద్దుగాల మీరే తెప్పిచ్చుకుంటిరి గద?"

"నేనా?"

"గోపాల్ సార్ వచ్చిండు, మీ పోలీసు జీపుల్నే. దవాఖానల పడ్డ కాలనీ పిల్లలు నీరసంగున్నరట. అదనపు గ్రాంటు కింద వాళ్లకు రెండు పూటల జావ పొయ్యాలె, పేపరోళ్లు ఫొటో గూడ తీస్తరు అన్నడు. రెండు బస్తాలు ఏస్కపోయిండు. బెల్లం గూడ ఇచ్చి పంపిన సార్, పాపం, పసిపిల్లలని."

భాస్కర్ వేళ్ల మధ్య నుంచి సిగరెట్టు జారిపోయింది. "పొద్దున గంటసేపు జీపడిగిండు," అన్నాడు. ఆ మాట నాతో కాదు, తనతో తనే అన్నట్టుగా. "పిల్లల కోసమే అంటే ఇచ్చిన."

పోస్టాఫీసులో ఫోను ఉంది. వానకు లైను చచ్చిపోయింది. నేను అక్కడ ఎవరినేం తిట్టానో నాకు గుర్తులేదు. వచ్చిన దారిన జీపు వెనక్కి తిప్పాం. 

దవాఖాన మెట్ల మీద ఎల్లస్వామి ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు. "మైలతుత్తం ముచ్చట డాక్టరుకు చెప్పిన సార్. మందు మార్చిన్రు. పిల్లలందరు మంచిగున్నరు," అన్నాడు గర్వంగా. వాణ్ణి పక్కకు నెట్టి పరుగెత్తాను.

పిల్లల వార్డు గుమ్మంలో ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా సర్దుకుంటున్నాడు. లోపల గోపాల్, ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకుని, పెద్ద స్టీలు గిన్నె పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఆరుగురు పిల్లలు మంచాల మీద గిలాసలు పట్టుకుని ఫొటో కోసం ఎదురు చూస్తున్నారు. ఫొటో అయ్యే దాకా తాగొద్దని గోపాల్ చెప్పాడట. భాస్కర్ ఒక్కొక్క చేతిలోంచి గిలాస లాగి నేలకేసి కొట్టాడు. గోపాల్ "సార్, సార్, ఏమైంది సార్? హసన్‌పర్తి పిండి మంచిదే గద సార్" అంటుంటే వాణ్ణి గోడకు అదిమిపట్టాడు.

నేను ఏడో మంచం కోసం చూశాను.

అది కిటికీ పక్కన, ఆఖర్న ఉంది. మల్లవ్వ కాళ్ల దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. రాజేశ్వరి మంచం మీద ఉంది, పద్మ ఆమె ఒళ్లో ఉంది. పిల్ల కళ్లు తెరుచుకుని ఉన్నాయి. నన్ను చూడగానే రాజేశ్వరి లేవబోయి, ఒళ్లో పిల్ల ఉందని గుర్తొచ్చి, కూర్చునే చేతులెత్తి దండం పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను.

"మీ పుణ్యం సార్," అంది. "నేను రాంగనే కండ్లు తెరిసి, అమ్మా ఆకలైతాంది అన్నది. ఫొటోకు ఆగమన్నరు గని నా పానం ఆగలే. గిలాసెడు జావ మొత్తం తాగింది సార్. నా చేతులతోనే తాపిన."